కొన్నది మనదేనా?

మన పాఠశాల వార్షిక సంచికలో ఆటలనుగూర్చిన వ్యాసమనగానే చదువరులు ఫుట్‌బాలును, వాలీబాలును, మైదానమున జరుగు పరుగుపందెములను తలచుకొందురు. ఈ వ్యాసము ఆ యాటలనుగూర్చినది కాదు. తెరమీద ఆడు వీడియో గేములనుగూర్చినది. వీటినిగూర్చి ఉపాధ్యాయులు చెప్పు మాట యొక్కటే యని తల్లిదండ్రులెఱుగుదురు: తక్కువగా ఆడుము, వేళకు నిద్రింపుము, పుస్తకము తెఱువుము. ఆ హితవు ఇప్పుడును హితవే. కాని యీ యాటల వర్తకములో కొన్ని సంవత్సరములనుండి ఒక మార్పు జరుగుచున్నది. అది ఆటలాడు బాలురకు మాత్రమే సంబంధించినది కాదు. పుస్తకములు కొనువారికి, పాటలు వినువారికి, సినిమాలు చూచువారికి, మనకందఱికిని సంబంధించినది. "కొనుట" యను చిన్న మాటకు ఇన్నాళ్లు మనమెఱిగిన అర్థమే అందు మాఱిపోవుచున్నది. పిల్లలకు మాటల అర్థములు నేర్పుటయే వృత్తిగా గలవారము గనుక ఇందునుగూర్చి నాలుగు మాటలు వ్రాయుట మాకు తగుననుకొంటిమి.

మమ్ము ఈ యాలోచనకు పురికొల్పినది మా యెనిమిదవ తరగతిలో ఇద్దఱు స్నేహితులకు వచ్చిన తగవు. ఇద్దఱి యిండ్లలోను గేములాడు యంత్రములున్నవి. ఒకడు తన యన్నగారు దాచియుంచిన డిస్కులతో ఆడుకొనును. రెండవవాడు, వాని యంత్రమున డిస్కు పెట్టు చోటున్నను, ఆటలన్నియు ఇంటర్నెట్టు ద్వారానే కొనును. దసరా సెలవులలో మొదటివాడు తన డిస్కునొకదానిని స్నేహితునకు ఎరువిచ్చెను. క్రిస్మసు సెలవులకు ముందు బదులుగా వాని యాటనొకదానిని అడుగగా వాడు ఇయ్యలేకపోయెను. "పిసినారి" యన్న పేరు తరగతియంతయు ప్రాకెను. విచారించినప్పుడు ఆ బాలుడు కన్నీళ్లు పెట్టుకొని, "ఆట నాదేనండి మాస్టరుగారూ. డబ్బు మా నాన్నగారే కట్టారు. కాని ఇవ్వడానికి దానిలో వీలు లేదండి" అనెను. మొదటివాడు వెంటనే, "ఇవ్వడానికి వీలులేనిది నీదెట్లా అవుతుందిరా?" అని యడిగెను.

తగవు తీర్చుట సులభమే. ఆ బాలుడు పిసినారి కాడని తరగతి యెదుట చెప్పితిమి. కాని మొదటివాడు వేసిన ప్రశ్న తగవుతో తీరునది కాదు. పదుమూడేండ్ల బాలుడు అడిగిన ఆ ప్రశ్ననే ఇప్పుడు పెద్ద పెద్ద న్యాయస్థానములును, శాసనసభలును విచారించుచున్నవి.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని మాకు ట్రైనింగు కాలేజీలో నేర్పిరి. కావున కంటికి కనబడు డిస్కుతో మొదలుపెట్టుదము. ఫిలిప్సు, సోనీ యను రెండు కంపెనీలవారు కలిసి రూపొందించిన కాంపాక్టు డిస్కు, అనగా సీడీ, 1982వ సంవత్సరమున అమ్మకమునకు వచ్చెను. అది పండ్రెండు సెంటీమీటర్ల వెడల్పుగల పాలికార్బొనేటు బిళ్ల. దానిపై పలుచని అల్యూమినియము పూతయు, ఆ పూతకు కాపుగా వార్నీషువంటి మఱియొక పూతయు నుండును. బిళ్లలో కంటికి కానరాని గుంటలు చుట్టలు చుట్టలుగా వరుసదీరి యుండును. లేజరు కిరణము వాటిపై పడి తిరిగివచ్చునప్పుడు, గుంట యెక్కడ, చదును ఎక్కడ యని యంత్రము గుర్తించి, ఆ గుర్తులనుండి పాటనో ఆటనో మరల కూర్చును. మొదట పాటలకై పుట్టిన యీ బిళ్ల తరువాత ఆటలకును వాడుకలోనికి వచ్చెను. 1994లో జపానున వెలువడిన ప్లేస్టేషను యంత్రము సీడీలను, 2000లో వచ్చిన రెండవది డీవీడీలను, 2006లో వచ్చిన మూడవది బ్లూరే డిస్కులను ఉపయోగించెను. మూడింటి వెడల్పును ఒక్కటే. లోపలి గుంటలు మాత్రము అంతకంతకు సూక్ష్మములయ్యెను. సీడీలో సుమారు 700 మెగాబైట్లు పట్టగా, డీవీడీలో ఒక పొరకు 4.7 గిగాబైట్లును, బ్లూరేలో ఒక పొరకు 25 గిగాబైట్లును పట్టును. మానవుని నేర్పునకు ఇది చక్కని నిదర్శనము.

ఇక కంటికి కనబడని రెండవ మార్గమును చూతము. వస్తువు లేకుండ ఆటను మాత్రమే ఇంటికి పంపుట నిన్న మొన్నటి తలంపు కాదు. 1994లో అమెరికాలో సెగా చానెలు అను ఏర్పాటు కేబులు టెలివిజను తీగెలగుండ నెలచందా కట్టినవారి యిండ్లకు ఆటలను పంపెను. యంత్రమును ఆర్పగానే ఆట మాయమగుచుండెను. 1995లో జపానున నింటెండోవారి యంత్రమునకు ఉపగ్రహము ద్వారా ఆటలను ప్రసారము చేయు ఏర్పాటు మొదలాయెను. 2003లో అమెరికాలోని వాల్వు కంపెనీ స్టీము అను ఏర్పాటును ప్రారంభించెను. కాలక్రమమున అది కంప్యూటరు ఆటలకు గొప్ప అంగడి యయ్యెను. ఇంటర్నెట్టు వేగము పెరిగిన కొలదియు ఈ మార్గమే రాజమార్గమాయెను.

ఈ మార్గమున మేలు లేదనుట న్యాయము కాదు. మన పట్టణమువంటి చోట ఆటల డిస్కులమ్ము దుకాణము లేదు. ఇంటర్నెట్టు మాత్రము పొలములమధ్య నున్న పల్లెకును వచ్చినది. డిస్కులు అచ్చొత్తించి, పెట్టెలలో పెట్టి, ఓడలకెక్కించి పంపుటకు ధనము లేని చిన్న కర్తలు, ఇద్దఱో ముగ్గురో కలిసి చేసిన ఆటను, లోకమంతటికి అమ్ముకొనగలుగుచున్నారు. గీతలు పడవు, పగులదు, పోయినదని వెదకికొన నక్కఱలేదు. ప్లాస్టిక్కు చెత్తయు తగ్గును. ఇవి చిన్న లాభములు కావు. అయితే లాభములన్నియు లెక్కించిన తరువాత నష్టమును లెక్కింపనివాడు మంచి వర్తకుడు కాడు, మంచి విద్యార్థియు కాడు.

నష్టమేమన, డిస్కు కొన్నవానికి డిస్కుతోపాటు మూడు అధికారములు కూడ వచ్చును. దానిని దాచుకొనవచ్చును, ఎరువియ్యవచ్చును లేక దానము చేయవచ్చును, అక్కఱ తీరిన తరువాత అమ్ముకొనవచ్చును. ఈ యధికారములకు పాత చరిత్ర కలదు. అమెరికాలో ఒక గ్రంథప్రకాశకుడు తన నవలలో, దీనిని డాలరుకంటె తక్కువకు అమ్మరాదని హెచ్చరిక ముద్రించెను. న్యూయార్కు నగరములోని మేసీ దుకాణమువారు దానిని 89 సెంట్లకే అమ్మిరి. వ్యాజ్యము ఆ దేశపు సుప్రీముకోర్టువఱకు పోయెను. ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతి యెట్లు అమ్మబడవలెనో శాసించు అధికారము ప్రకాశకునకు లేదని 1908లో తీర్పు వచ్చెను. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము సైతము, పుస్తకముల విషయమున, అదివఱకే చెలామణిలోనికి వచ్చిన ప్రతులను కర్తయొక్క పంపిణీ హక్కునుండి మినహాయించినది. పాత పుస్తకముల దుకాణములు ధైర్యముగా నడుచుచున్నవన్న అందులకు ఇట్టి నియమములే ఆధారము.

ఇంటర్నెట్టు ద్వారా "కొన్న" ఆటకు ఈ మూడు అధికారములును సామాన్యముగా లేవు. అక్కడ మనకు లభించునది వస్తువు కాదు, లైసెన్సు. అనగా ఆడుకొనుటకు అనుమతి. ఆ యనుమతి మన పేరిటి ఖాతాకు కట్టబడి యుండును. ఇతరునకు బదిలీ చేయుటకు చాలమట్టుకు వీలుండదు. షరతులన్నియు పొడుగైన పత్రములో వ్రాయబడి యుండును. దానిని చదువకయే "సమ్మతము" అను గుర్తు నొక్కనివారు మన పాఠశాలలో ఎందఱున్నారో చదువరులే చెప్పవలెను. ఇట్టి అనుమతిని మరల అమ్ముకొనవచ్చునా యను ప్రశ్నకు న్యాయస్థానములు ఒకే నోట సమాధానము చెప్పలేదు. కంప్యూటరు ప్రోగ్రాముల శాశ్వత లైసెన్సును మరల అమ్ముకొనవచ్చునని ఐరోపా సమాజపు న్యాయస్థానము 2012లో చెప్పెను. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 2018లో, పాటల ఫైళ్లనుగూర్చిన వ్యాజ్యమున, ఫైలును ఒకచోటినుండి మఱియొకచోటికి పంపినప్పుడు క్రొత్త ప్రతి పుట్టును గనుక అట్టి మారుబేరము చెల్లదనెను. పుస్తకమును చేయి మార్చినయెడల ప్రతి యొక్కటే యుండును. ఫైలును చేయి మార్చుటయన నకలు తీయుటయే. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఇచ్చుట, అమ్ముట యటుండనిచ్చి, దాచుకొనుట సంగతి చూతము. 2009 జూలైలో అమెరికాలో జరిగిన యొక సంగతి చదివిన నాటినుండి మేము మఱువలేదు. అమెజాను కంపెనీవారు కిండిలు అను పుస్తకపఠన యంత్రములకు జార్జి ఆర్వెలు వ్రాసిన రెండు నవలలను అమ్మిరి. అమ్మకమునకు పెట్టినవారికి ఆ హక్కు లేదని తరువాత తెలియవచ్చెను. కంపెనీవారు కొన్నవారి సొమ్ము తిరిగి యిచ్చిరి. కాని వారి యంత్రములనుండి ఆ పుస్తకములను వారినడుగకయే తొలగించిరి. అందొకటి "1984" అను నవల. ప్రభుత్వము తనకు గిట్టని వ్రాతలను మంటపాలు చేయుటయే అందలి కథాంశములలో నొకటి! లోకము అపహసించగా కంపెనీ యధిపతి క్షమాపణ చెప్పుకొనెను. దుకాణదారుడు రాత్రివేళ మన యింటికి వచ్చి, బల్లమీద సొమ్ము పెట్టి, అలమారలోని పుస్తకమును తీసికొని పోయినయెడల మనమేమందుము?

ఆటల విషయమున ఇంకను పెద్ద ఉదాహరణము కలదు. ఫ్రాన్సు దేశపు యూబిసాఫ్టు కంపెనీ 2014 డిసెంబరులో "ది క్రూ" అను కారు పందెముల ఆటను వెలువరించెను. ఒంటరిగా ఆడువాడు సైతము కంపెనీ సర్వరుతో సంబంధము కలిగి యుండనిదే అది నడువదు. 2024 మార్చి 31న కంపెనీవారు ఆ సర్వరులను ఆర్పివేసిరి. నాటితో ఆట యుండియు లేనిదాయెను. చదువరులిచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఆ యాట డిస్కుల రూపమునను అమ్మబడినది. ఆ డిస్కులు నేటికిని ఎందఱో యిండ్లలో మెఱయుచునే యున్నవి. వాటిని యంత్రములో పెట్టినను ఆట మాత్రము రాదు. కావున డిస్కు యుండుటయే యాజమాన్యము కాదు. తాళపుచెవి మఱియొకని మొలలో నున్నంతకాలము పెట్టె మన యింట నున్న నేమి?

ఈ దృష్టితో చూచినయెడల డిస్కుల భవిష్యత్తు ఎటు పోవుచున్నదో తెలియగలదు. 2013లో మైక్రోసాఫ్టు కంపెనీవారు తమ క్రొత్త యంత్రమగు ఎక్సుబాక్సు వన్‌ను ప్రకటించుచు, అది యిరువదినాలుగు గంటలకొకసారి ఇంటర్నెట్టుతో సంబంధము పెట్టుకొని తీరవలెననియు, డిస్కులను చేతులు మార్చుటకు కొన్ని నిర్బంధములుండుననియు చెప్పిరి. కొనువారు గట్టిగా అభ్యంతరము చెప్పిరి. ఆ సంవత్సరము జూను 19వ తేదీననే కంపెనీ ఆ నియమములను ఉపసంహరించెను. ప్రజల మాటకు విలువ గలదని చూపుటకు ఇది మంచి పాఠము. కాని తలుపునుండి పంపివేసినది కిటికీనుండి మెల్లగా వచ్చెను. 2020 నవంబరులో వచ్చిన ఎక్సుబాక్సు సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టు చోటే లేదు. అదే నెల వెలువడిన ప్లేస్టేషను 5 రెండు రకములుగా వచ్చెను; ఒకదానికి డిస్కు గలదు, ఒకదానికి లేదు. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషను 5 ప్రో యంత్రమునకు డిస్కు భాగమును వేఱుగా కొని తగిలించుకొనవలెను. తగిలించిన మొదటిసారి దానిని జతపఱచుటకు ఇంటర్నెట్టు కావలెను. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 యంత్రపు ఆటలలో కొన్నింటికి బిళ్లలో ఆటయే యుండదు. దానిని దింపుకొనుటకు కావలసిన తాళపుచెవి మాత్రమే యుండును. ఆ బిళ్లను ఇతరులకిచ్చుటకు వీలు కలదు, అంతవఱకు మేలే. కాని ఆటను దింపు సర్వరు పనిచేసినన్నాళ్లే దాని విలువ. 2023 మార్చి 27న నింటెండోవారు తమ పాత యంత్రములు రెండింటి ఇంటర్నెట్టు దుకాణములలో అమ్మకములను మూసివేసినప్పుడు, డిస్కుగా గాని బిళ్లగా గాని ఎన్నడును రాని ఆటలు కొన్ని కొనుటకు దారిలేనివాయెను.

ఇంత చెప్పినందువలన మేము డిస్కును విగ్రహముగా నిలుపుచున్నామని యెవ్వరును తలపరాదు. డిస్కు కూడ మట్టిలో కలియునదే. గీత పడినయెడల చదువబడదు. పూతలోనికి గాలి, చెమ్మ చొచ్చినయెడల అల్యూమినియము చెడి, నాళ్లు గడచిన కొలది గుంటలు చదువబడకపోవును. చదువు యంత్రమే దొరకని దినమున మంచి డిస్కును అద్దపు బిళ్లతో సమానము. చిమ్మటకును త్రుప్పునకును లోబడు సంపదలపై మనసు నిలుపవలదని మన ప్రభువు చెప్పిన హెచ్చరిక ప్లాస్టిక్కు బిళ్లకును వర్తించును. మేము కాపాడదగినదనుచున్నది బిళ్లను కాదు. బిళ్లతోపాటు మనకు సంక్రమించిన ఆ మూడు అధికారములను. వాటిలోను ముఖ్యముగా రెండవదానిని, అనగా ఇచ్చు అధికారమును.

ఇందునుగూర్చి మా యింటి వస్తువొకదానిని ఉదాహరింతుము. మా తాతగారి తెలుగు బైబిలు మా యొద్ద నున్నది. దాని అట్ట రెండుమాఱులు కుట్టబడినది. మొదటి పుటలో మా తండ్రిగారి జననము, బాప్తిస్మము, మా తోబుట్టువుల జననములు, మా నాయనమ్మగారి మరణము మూడు చేతుల వ్రాతలో, మూడు సిరాలలో నున్నవి. ఆ గ్రంథమే నేడు మా చేతి ఫోనులోను ఉన్నది. ప్రసంగమునకు ఒక మాట వెదకవలెనన్న మేము ఫోనునే తెఱతుము, అది త్వరగా చూపును. అయినను మా పిల్లలలో ఒకరికి మేమియ్యగలిగినది ఫోనులోని గ్రంథము కాదు, కుట్టుపడిన ఆ గ్రంథమే. మా హాస్టలులో ప్రతి జూను మాసమున పై తరగతికి పోవు బాలుడు తన పాఠ్యపుస్తకములను క్రింది తరగతివానికి ఇచ్చుట మనమెఱిగినదే. కొత్త పుస్తకము కొనలేని పిల్లవానికి అది చదువు; ఇచ్చువానికి అది యంతకంటె పెద్ద చదువు. పంచుకొనుటకు వీలులేని వస్తువులమధ్య పెరిగిన బాలునికి పంచుకొనుట యెట్లు అలవడును? అయిదువేల రూపాయలు పెట్టి ఒక యాట కొన్న యింటి బిడ్డయు, అది కొనలేని యింటి బిడ్డయు ఒకే బల్లమీద కూర్చుండు పాఠశాల మనది. ఒక డిస్కు వారిద్దఱిమధ్య వంతెన కాగలదు. ఖాతాకు కట్టివేసిన అనుమతి కాజాలదు. తగవులో నిలిచిన ఆ బాలుని కన్నీళ్లకు కారణమిదియే. వానికి ఇయ్యవలెనని మనసుండెను, ఇచ్చు అధికారము లేదు.

ఇచ్చుటతోపాటు పోవునది మఱియొకటి కలదు, అది జ్ఞాపకము. అమెరికాలో వీడియో గేముల చరిత్రను భద్రపఱచు సంస్థయొకటి 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఆ దేశమున 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవు. ఆటలు పోయిన నేమి యని పెద్దలు కొందఱనవచ్చును. ఒక్కొక్క యాటలో చిత్రకారుల చేతిపని, సంగీతజ్ఞుల స్వరము, కథకుల ఊహ, గణితజ్ఞుల నేర్పు ఇమిడి యున్నవి. ఒక తరము బాల్యమున ఏమి చూచి నవ్వెనో, దేనికి భయపడెనో తెలిసికొనదలచు చరిత్రకారునకు అవి ఆధారములు. జపాను జాతీయ గ్రంథాలయము 2000 నుండి పెట్టెలలో అమ్మబడు ఆటలను కూడ పుస్తకములతోపాటు సేకరించుచున్నది. పెట్టెయే లేని యాటను ఏ గ్రంథాలయము ఏ అలమారలో పెట్టగలదు?

మన తెలుగువారికి ఈ సంగతి దూరమైనది కాదు. చార్లెసు ఫిలిప్పు బ్రౌనుగారు వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చొత్తించిరి. అది వారికి సాధ్యమైనదెట్లు? పద్యముల వ్రాతప్రతులు ఒక్క యధికారి పెట్టెలో గాక, పలుచోట్ల, పలువురి యిండ్లలో, పలువురి చేతులలో నుండుటచేతనే. ఒక యింటి తాటాకులు చెదలకు పోయినను మఱియొక యింటివి మిగిలెను. ఒకే దొర పెట్టెలో ఒకే ప్రతి యుండి, ఆ దొరకు విసుగు పుట్టి పెట్టె మూసియుండినయెడల మనకేమి దక్కియుండెడిది? పలువురి చేతులలో నుండుటయే గ్రంథములకు ప్రాణరక్ష. సర్వరులోని యొకే ప్రతికి అట్టి రక్ష లేదు.

అయితే దీనికి మందు లేదా? కలదు, ఇప్పటికే కొందఱు నూఱుచున్నారు. మొదటి మందు మాటలో నిజాయితి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 2024లో చేసిన యొక చట్టము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము, ఇంటర్నెట్టు ద్వారా ఆటలు, పుస్తకములు మొదలగువానిని అమ్మువారు, తాము ఇచ్చుచున్నది లైసెన్సు మాత్రమే యని స్పష్టముగా తెలుపనిదే "కొనుము" అను మాటను వాడరాదు. కొన్నవాడు శాశ్వతముగా దింపుకొని, ఇంటర్నెట్టు లేకుండ వాడుకొనగలిగిన వస్తువులకు ఈ నియమము వర్తింపదు. మాటకు ఒకే యర్థముండవలెను, అవునని కాదని రెండు తీరుల పలుకరాదు అను క్రైస్తవ నీతిని శాసనసభ చట్టముగా వ్రాసినట్లు మాకు తోచినది. రెండవ మందు అమ్ము పద్ధతిలో ఉన్నది. పోలండు దేశమున 2008లో మొదలైన జీ.ఓ.జీ. అను దుకాణము ఆటను దింపుకొని, తన యొద్దనే భద్రపఱచుకొని, దుకాణము ననుమతి యడుగకయే ఆడుకొనునట్లు అమ్ముచున్నది. ఇంటర్నెట్టు ద్వారా అమ్మినను కొన్నవానికి దాచుకొను అధికారమును మిగుల్పవచ్చునని ఇందువలన ఋజువైనది. మూడవది ప్రజల విన్నపము. "ది క్రూ" ఆగిపోయిన పిమ్మట, సర్వరులు ఆర్పునప్పుడు ఆటను ఆడదగిన స్థితిలో విడువవలెనని కోరుచు ఐరోపాలో బయలుదేరిన విన్నపముపై 2025 జూలైలో పది లక్షలకు మించి సంతకములు చేరెను.

నాలుగవ మందొకటి కొందఱు పెద్దబాలురు మాతో గుసగుసగా చెప్పుచుందురు, దొంగప్రతి దింపుకొనుట. అది మందు కాదు, మఱియొక రోగము. అమ్మువాడు మాట తప్పెనని మనము చేయి తప్పరాదు. చిత్రకారునకును, సంగీతజ్ఞునకును రావలసిన కూలిని ఎగవేసి న్యాయము కోరుట చెల్లదు.

ఇక ప్రియ విద్యార్థులారా, మీకు మా మనవి. తెరమీద "కొనుము" అను గుర్తు కనబడినప్పుడు వ్రేలితో నొక్కుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని నా స్నేహితునకు ఎరువియ్యగలనా? ఇంటర్నెట్టు లేని దినమున ఇది నడుచునా? అమ్మినవారు దుకాణము మూసినయెడల నాకేమి మిగులును? పదేండ్ల తరువాత నా తమ్మునికో చెల్లెలికో దీనిని అప్పగింపగలనా? నాలుగింటికిని "లేదు" అను సమాధానమే వచ్చినయెడల మీరు చెల్లించుచున్నది వెల కాదు, అద్దె. అద్దె కట్టుట తప్పు కాదు. మన పట్టణములో సగము సంసారములు అద్దె యిండ్లలోనే గౌరవముగా నడుచుచున్నవి. కాని అద్దె యింటికి ఇల్లు కొన్నంత వెల నెవ్వరు నియ్యరు. తల్లిదండ్రులారా, పిల్లలు మీ సొమ్ముతో ఏదైన నడిగినప్పుడు, వద్దనుటకో సరేయనుటకో ముందు ఈ ప్రశ్నలను వారితో కూర్చుండి అడుగుడు. లెక్కల పాఠమును, నీతిపాఠమును ఒక్కసారే చెప్పినవారగుదురు.

మన వేదము ప్రకారము మనమెవ్వరమును దేనికిని కడపటి యజమానులము కాము. అన్నియు మనకు అప్పగింపబడినవే, మనము గృహనిర్వాహకులము మాత్రమే. కంపెనీల లైసెన్సును దీనితో పోల్చి, "అంతయు ఎరవే గదా, ఇందులో తప్పేమి?" అని యెవ్వరైన అడుగవచ్చును. భేదము కలదు. దేవుడు మనకప్పగించినదానిని ఇతరులకు పంచుమని చెప్పి అప్పగించెను. కంపెనీలవారు ఇచ్చునది పంచరాదను షరతుతో వచ్చుచున్నది. రాబోవు కాలమున డిస్కు లుండునో, ఉండవో, వాటి స్థానమున ఏమి వచ్చునో చూడగలరు. ఏ రూపమున వచ్చినను, తీసికొనునప్పుడు దానిని మఱియొకరి చేతిలో పెట్టు దారి యున్నదా యని చూచుకొనుడు. లేనియెడల, ఆ దారి కావలెనని మర్యాదగా, గట్టిగా అడుగుడు.